ముప్పది రోజుల పున్నమి

హిందూపురమునుండి తూర్పునకు పోయినను, పడమటికి పోయినను రమారమి మూడువందల కిలోమీటర్లు పోయినగాని సముద్రము కానరాదు. పెనుకొండవారికిని, ధర్మవరమువారికిని అంతే. చెరువు నిండిన యేడు పండుగ చేసికొను సీమ ఇది. ఐనను ఈ మూడూళ్లును బెంగుళూరికి పోవు ఒకే రైలుమార్గముపై నున్నవి. నగరమునందలి వేడుకలు ఆ రైలెక్కి ఇచ్చటికి వచ్చుటకు ఎంతో కాలము పట్టదు. అట్టి వేడుకలలో పగడపు తొట్టి ఒకటి. గాజుపెట్టెలో ఉప్పునీరు నింపి, అందు సజీవములైన పగడములను, వాని నడుమ తిరుగు రంగురంగుల చేపలను పెంచుట.

ఈ తొట్టి పెట్టదలచినవారు పగటి దీపమును గూర్చి ఎంతయో విచారింతురు. తుదకు ఒక ప్రశ్న మిగులును: రాత్రికి ఏ దీపము పెట్టవలెను? అంగడివాడు వెంటనే ఒక నీలిదీపము చూపును. దాని పేరు వెన్నెల దీపము. ధర తక్కువ, కరెంటు ఖర్చు స్వల్పము, చూచుటకు ముచ్చట. కొనకుండ వచ్చువారు అరుదు. నా అభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాను. రాత్రికి ఏ దీపమును అక్కరలేదు. పెట్టి తీరవలెనన్నచో పంచాంగము చూచి పెట్టవలెను. ఈ మాట చమత్కారమునకు చెప్పుట లేదు; కారణములున్నవి.

ఉపాధ్యాయులకు ఇందు ప్రత్యేకముగా పని కలదు. బడిలో మనము చీకటియను మాటను అజ్ఞానమునకు మారుపేరుగా వాడి వాడి, వెలుగు ఎంత యెక్కువైన అంత మేలను భావమును పిల్లల మనస్సులలో నాటియున్నాము. సాహిత్యమునకు ఆ ఉపమానము చాలును. జీవశాస్త్రపు గంటలో మాత్రము అది తప్పుదారి పట్టించును. చీకటియనగా వెలుగు లేకపోవుట మాత్రమే కాదు. అనేక జీవులకు అది ఆహారమువలె, నీటివలె కావలసిన వస్తువు.

మొదట పగడమనగా ఏమో చెప్పుకొందము. అది రాయి కాదు, మొక్క కాదు, జంతువు. చాలవరకు కొద్ది మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న జీవులు వేలకొలది ఒకచోట జేరి, సున్నపురాతితో ఇల్లు కట్టుకొని కాపురముండును. ఆ జీవికి పాలిప్ అని పేరు. దాని యొడలిలో ఏకకణములైన శైవలములు నివసించును. పగటివేళ ఆ శైవలములు సూర్యకాంతితో ఆహారము తయారుచేసి, అందు అధికభాగము పగడమునకిచ్చును. పగటి దీపము ఇందులకే. రాత్రి ఐనంతనే కథ మారును. శైవలములు పని మానును. అంతవరకు ముడుచుకొనియున్న పాలిప్పులు చాలజాతులలో చిన్నచిన్న మీసములు చాచి, నీటిలో తేలివచ్చు సూక్ష్మజీవులను పట్టి తినును. పగలు సేద్యము, రాత్రి వేట. ఒకే ప్రాణికి రెండు జీవనములు. ఆ రెంటిని వేరుచేయు గోడ చీకటి.

చట్టమును గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన దేశమున పగడపు దిబ్బలు ముఖ్యముగా కచ్ సింధుశాఖలోను, మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు రాతిపగడములను 2001లో చేర్చిరి. కనుక మన సముద్రములనుండి వానిని పెరికి తెచ్చుట పులిని పట్టితెచ్చుట వంటిదే. ఎక్కడ పెరిగినదో కాగితము చూపలేని అంగడివాని యొద్ద పగడము కొనరాదు. చేపల విషయమున మన స్థితి కొంత మేలు. రామేశ్వరమునకు దాపుననున్న మండపములో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు అందపు చేపలను తొట్లలోనే పుట్టించి పెంచు పద్ధతులను సాధించియున్నారు.

ఇక వెన్నెల దీపము సంగతి. వెన్నెల నీలిరంగులో నుండునని ఎవరు చెప్పిరి? చంద్రునికి సొంత వెలుగు లేదని నాలుగవ తరగతి పిల్లవాడును చెప్పును. అది సూర్యకాంతియే, చంద్రుని నేలపై బడి తిరిగివచ్చుటలో ఎరుపువైపునకు రవంత ఒరగునేగాని నీలివైపునకు కాదు. మనకు నీలిగా తోచుటకు కారణము మన కన్ను. వెలుగు సన్నగిల్లినపుడు కన్ను ఎరుపును పోల్చు శక్తిని ముందు కోల్పోవును. నీలి ఆకుపచ్చల యెడ దాని చూపు నిలుచును. పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో దీనిని వర్ణించిన చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే పేర ఈ గుణమును పిలుచుచున్నారు. నాటకములలోను, చలనచిత్రములలోను రాత్రిని చూపుటకు నీలిదీపము వేయు ఆచారము దీనినుండియే వచ్చినది. అనగా వెన్నెల దీపపు నీలిరంగు రంగస్థలమునుండి తొట్టిలోనికి దిగినది. ధర్మవరమువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పట్టునూలు రంగు పోల్చవలసివచ్చినపుడు దీపపు వెలుగును నమ్మక, వాకిటి వెలుతురులో బెట్టి చూచుకొను నేర్పు నేతపనివారిది.

రంగుకంటె ముఖ్యమైనది పరిమాణము. నడిమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు. నిండు పున్నమి వెన్నెల, మబ్బు లేనినాడు, పావు లక్సునకు మించుట కష్టము. సూర్యుడు పూర్ణచంద్రునికంటె దాదాపు నాలుగు లక్షల రెట్లు ప్రకాశవంతుడు. ఇంకొక వింత కలదు. అష్టమినాటి అర్ధచంద్రుడు పున్నమిచంద్రునిలో సగము వెలుగిచ్చుననుకొందుము. ఇచ్చునది రమారమి పదవవంతే. చంద్రుని కొండల నీడలు అడ్డుపడుట అందులకొక కారణము. ఈ లెక్కలను బట్టి చూచిన అంగళ్లలో అమ్ము వెన్నెల దీపములలో పెక్కు వెన్నెలలు కావు. పరీక్ష సులభము. గదిలోని దీపములన్నియు ఆర్పి, తొట్టి యెదుట ఈ పత్రికను పట్టుకొనుడు. నీలివెలుగులో ఈ చిన్న అక్షరములు చదువగలిగినచో అది వెన్నెల కాదు, వీధిదీపము.

"సముద్రపులోతులలో నీలివెలుగే మిగులును గదా, కనుక నీలిదీపము సహజమే" యని వాదించువారున్నారు. మొదటిమాట నిజము. ఎరుపు కొద్ది మీటర్లలోనే నీటిలో నింకిపోవును. నీలము లోతునకు దిగును. కాని ఆ నిజమే వారి వాదమును పడగొట్టుచున్నది. లోతున నీలమే దొరకును గనుక పగడము నీలమును గుర్తించుటలోనే మిక్కిలి చురుకైనది. అక్రొపొరా జాతి పగడమునందు నీలికాంతిని పసిగట్టు క్రిప్టోక్రోములను ప్రోటీనులు కలవనియు, అందొకటి వెన్నెల రాత్రులను అనుసరించి హెచ్చుతగ్గులు పొందుననియు 2007లో సైన్స్ పత్రికలో ప్రకటించిరి. కన్నులేని ఆ జంతువు చంద్రుని కనిపెట్టియుండును. ఏ రంగును అది అందరికంటె బాగుగా చూచునో ఆ రంగునే రాత్రియంతయు దాని తలపై వెలిగించుట సహజమెట్లగును?

ఇపుడు చంద్రుని నడకకు వత్తము. అంగడి చంద్రుడు ముప్పది రోజులు పున్నమిచంద్రుడే. చీకటి పడగానే వెలుగును, తెల్లవారువరకు వెలుగును. ఆకాశమునందలి చంద్రుడు ఏ రెండు రాత్రులును ఒకేరీతి నుండడు. రోజునకు సుమారు ఏబది నిమిషములు ఆలస్యముగా ఉదయించును. శుద్ధ అష్టమినాడు నడిరేయికి అస్తమించును. బహుళ అష్టమినాడు నడిరేయికి గాని లేవడు. అమావాస్యనాడు లేనేలేడు. ఈ మాత్రము లెక్క మన యిండ్లలో పెద్దవారికి నోటికి వచ్చినదే. సంకష్ట చవితినాడు ఉపవాసముండి చంద్రోదయమునకై మాటిమాటికి తూర్పు చూచు ఇల్లాలికి, పున్నమి వెళ్లిన నాలుగవనాడు చంద్రుడు ఎంత ఆలస్యముగా వచ్చునో తెలిసినట్లు మరెవరికి తెలియును? ఆమెవలెనే పగడమును ఆ చీకటి వ్యవధిని కొలుచుకొనుచున్నది. ఆస్ట్రేలియాలోని మహాప్రవాళభిత్తికపై ఏటికొక్కమారు, వసంతము ముదిరిన దినములలో, పున్నమి దాటిన కొద్ది రాత్రులకు, పెక్కు జాతుల పగడములు ఒక్కమారుగా తమ బీజములను నీటిలోనికి వదలునని 1984లో లోకమునకు వెల్లడియైనది. ఇన్ని రాత్రులుండగా ఆ రాత్రియే యని వానికెట్లు తెలిసెను? 2021లో తైవాన్ శాస్త్రజ్ఞులు ఒక జాతి పగడమును పరీక్షించి, ప్రొద్దుగ్రుంకుటకును చంద్రోదయమునకును నడుమ ఏర్పడు చీకటియే ఆ సంకేతమని చూపిరి. పున్నమినాడు సూర్యుడు దిగువేళకే చంద్రుడు లేచును, నడుమ చీకటి లేదు. పాడ్యమి, విదియ, తదియలలో ఆ చీకటి నానాటికి పెరుగును. దానికై అవి వేచియుండును.

సాయంకాలముననే వెలిగి తెల్లవార్లు ఆరని దీపము క్రింద ఆ చీకటి వ్యవధియే లేదు. ఇది తొట్టికి మాత్రమే పరిమితమైన ముప్పు కాదు. తీరపట్టణముల దీపకాంతి సోకిన దిబ్బలపై పగడములు, చీకటి దిబ్బలపైనున్న వానికంటె ఒకటి మొదలు మూడు రోజులు పున్నమికి చేరువగా బీజములు విడుచుచున్నవని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికయందు ప్రకటితమైనది. ఒక దిబ్బవి నేడు, వేరొక దిబ్బవి ఎల్లుండి బీజములు వదలినచో అవి సముద్రములో కలిసికొనుటెట్లు?

చీకటిని గూర్చిన ఈ జ్ఞానమునకై మనము ఆస్ట్రేలియా వరకు పోనక్కరలేదు. హిందూపురమున పట్టుగూళ్ల సంత ఎంత పేరుగలదో అందరెరుగుదురు. ఊరిచెంత కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశోధనాభివృద్ధి సంస్థ కలదు. చుట్టుపట్ల మల్బరీ తోటలు పెంచు ఇండ్లలో పిల్లలకు ఒక పని తెలియును. పట్టుపురుగు గ్రుడ్లు పగులుటకు రెండురోజుల ముందు, గ్రుడ్డుపై సూదిమొనయంత నల్లచుక్క కనబడగానే, గ్రుడ్ల కాగితములను నల్లకాగితములో చుట్టియో, చీకటిపెట్టెలో నుంచియో భద్రపరతురు. ఎందులకు? అన్ని గ్రుడ్లును ఒకే వేగమున పెరుగవు. కొన్ని ముందు, కొన్ని వెనుక. చీకటిలో నుంచినచో ముందున్నవి ఆగును, వెనుకనున్నవి వచ్చి కలిసికొనును. ఏర్పరచుకొన్న దినమున ఉదయమే వెలుగు చూపినచో దాదాపు అన్నియు ఒక్కమారే పగిలి పురుగులు వెలువడును. పురుగులన్నియు ఒకే యీడువైనపుడే మేతయు, నిద్రయు, గూడు కట్టుటయు ఒక క్రమములో సాగును. ఏ పెద్ద చదువును లేని రైతు చీకటిని పారవలె, కొడవలివలె పనిముట్టుగా వాడుచున్నాడు.

ఇంతకంటె లోతైన సంగతియు కలదు. ఏటికి రెండు పంటలిచ్చు జాతుల పట్టుపురుగులలో, తల్లి గ్రుడ్డులోనున్నపుడు సోకిన వేడిమియు, వెలుగును, ఆమె పెరిగి చిలుకయై పెట్టబోవు గ్రుడ్లు వెంటనే పగులునా, నెలలకొలది నిద్రించునా యనుదానిని నిర్ణయించును. వెచ్చదనములో, వెలుగులో పొదిగిన గ్రుడ్డునుండి వచ్చిన చిలుక నిద్రించు గ్రుడ్లను పెట్టును. చల్లదనములో, చీకటిలో పొదిగినది నిద్రింపని గ్రుడ్లను పెట్టును. ఒక తరము చూచిన వెలుగు తరువాతి తరమున ఫలించుచున్నది. పురుగు గూడు కట్టువేళ కూడ మందమైన, సమమైన వెలుతురే కోరుదురు. ఒకవైపు వెలుగు పొడిచినచో పురుగులన్నియు నీడవైపునకు పోయి గుమిగూడును. పురుగులను గూటికి ఎక్కించు వెదురు తట్టకు మనవారు పెట్టిన పేరు చంద్రిక. వెన్నెలకు మరొక పేరది! ఆ పేరు తట్ట గుండ్రనితనమును చూచి పెట్టిరో, మరి దేనిని చూచి పెట్టిరో గాని, అంగడి వెన్నెల దీపముకంటె దానికే తగియున్నది.

ఇపుడు తొట్టిలోని గ్రుడ్లను చూడుడు. 2003లో వచ్చిన ఫైండింగ్ నీమో బొమ్మల చిత్రముతో పిల్లలందరు ఎరిగిన నారింజరంగు క్లౌన్ చేప, రాతిపై గ్రుడ్లు పెట్టును. తండ్రి చేప వారము పదిరోజులు వానికి కాపుండి రెక్కలతో విసరుచుండును. పిల్లలు వెలువడునది రాత్రివేళ, చీకటి పడిన పిదప. పగటివేళ వెలువడిన పసిచేపను మ్రింగుటకు దిబ్బపై నోళ్లు ఎన్నో కలవు గదా. ఆస్ట్రేలియా పరిశోధకులు కొన్ని జంటలను సహజమైన చీకటిలోను, కొన్నింటిని రాత్రి కొద్దిపాటి దీపకాంతిలోను ఉంచి చూచి, 2019లో ఫలితము ప్రకటించిరి. దీపకాంతిలోనున్న గ్రుడ్లలో ఒక్కటియు పగులలేదు. ఆ వెలుగు తీసివేసిన పిదప గ్రుడ్లు మామూలుగానే పగిలినవి. తల్లిదండ్రులు గ్రుడ్లు పెట్టుట మానలేదు, కాపు మానలేదు. అన్నియు సక్రమముగా నున్నట్లే పైకి కానవచ్చినది. ఇంటి తొట్టిలో ఇట్లు జరిగినచో యజమాని నీటిని నిందించును, మేతను నిందించును. దీపముపై అనుమానమే రాదు. నీలివెలుగును వలదనుటకు నాకు ఇంతకంటె బలమైన కారణము కానరాదు.

ఐతే దీపము వలదనుట ఒక్కటే చాలదు. మన ఊళ్లలో రాత్రులు తాతలనాటి రాత్రులు కావు. పెనుకొండ కొండపైకెక్కి చూచిన రహదారి దీపములును, 2019 నుండి కార్లు తయారుచేయుచున్న కర్మాగారపు వెలుగును కనబడును. వలదనుటకు నాకు మనసొప్పదు; వానితోపాటు ఉద్యోగములు వచ్చినవి. ఇంటిలో మాత్రము కిటికీ మన చేతిలో నున్నది. వీధిదీపము క్రింద పది లక్సుల వెలుగుండుట మామూలు. అది పున్నమి వెన్నెలకు నలువది రెట్లు. కావున వెన్నెల దీపమునకు పెట్టు రూకలతో దట్టమైన తెర కొనుట మేలు. నడియింట తొట్టి పెట్టి, అర్ధరాత్రి వరకు దూరదర్శిని చూచువారు తెరను తొట్టికే వేయవలెను. లండనులోని హార్నిమన్ ప్రదర్శనశాలవారు 2013లో తొట్టిలోనే పగడములచేత బీజములు విడిపించిరి. వారు చేసినదెల్లను ఋతువులనుబట్టి నీటి వేడిమిని, పగటి నిడివిని, చంద్రుని వృద్ధిక్షయములను దిబ్బపైనున్నట్లే నడపుట. నాలుగేండ్లకు ఆ పద్ధతిని అందరికొరకును ప్రకటించిరి. వారి చంద్రుడు తిథిని తప్పలేదు.

"ఉన్నట్టుండి చీకటి చేసినచో చేపలు బెదరును" అనువారి మాటలో సత్యము కలదు. దానికి విరుగుడు తెల్లవార్లు దీపము కాదు, సంధ్య. ఎనిమిది పది గంటల పగటివెలుగు ముగియగానే, ఒక గంటసేపు దీపమును క్రమముగా తగ్గించి ఆర్పవలెను. ఇపుడు వచ్చు ఎల్.ఇ.డి. దీపములలో పెక్కింటికి ఆ సౌకర్యము కలదు. చేపలు తమ తమ బొరియలు చూచుకొనుటకు ఆ గంట చాలును. పిదప కనీసము పదిగంటల చీకటి. వెన్నెలపై మోజు తీరనివారు శుద్ధ దశమి మొదలు బహుళ పంచమి వరకు, మిక్కిలి మందముగా, చంద్రుడు ఆకాశమున నుండు వేళలలో మాత్రమే వెలిగింపవచ్చును. తక్కిన రోజులలో అంగడి చంద్రునికి సెలవు.

రాత్రి వెలుగు కావలసినది తొట్టిలో ఒక్కదానికే. చీకటిలో శైవలములును ప్రాణవాయువును పీల్చునవే గనుక, నీటిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, తెల్లవారుజామునకు నీటి క్షారత తగ్గును. దీనిని సరిదిద్దుటకు క్రిందిగదిలో సముద్రపు నాచును పెంచి, పైతొట్టిలో దీపమారినవేళ దానిపై దీపము వెలిగింతురు. ఇది మంచిపద్ధతి, ఆ వెలుగు పైకి రాకుండ అడ్డు కట్టవలెను. ఇంకను రూకలు మిగిలినచో బ్యాటరీతో నడచు గాలిపంపు కొనుడు. నడిరేయి కరెంటు పోయిన రెండు గంటలలో తొట్టిలో జరుగు చేటు ఏ వెన్నెలయు తీర్చజాలదు.

బడిలో ఇట్టి తొట్టి పెట్టవలెనని నేను చెప్పను. రెండువందల లీటర్ల తొట్టికి లీటరుకు ముప్పదియైదు గ్రాముల చొప్పున ఏడు కిలోల సముద్రపు ఉప్పు కావలెను, మన బోరునీరు పనికిరాదు, శుద్ధిచేసిన నీరు కావలెను, సెలవులలో చూచువారుండరు. కాని నల్లకాగితములో చుట్టిన కొద్ది పట్టుపురుగు గ్రుడ్లును, చుట్టని కొద్ది గ్రుడ్లును ఒకే బల్లపై నుంచి, ఏవి ఏ గంటకు పగిలినవో పిల్లలచేత వ్రాయింపవచ్చును. దానితోపాటు ఒక నెల చంద్రోదయవేళలను వ్రాయించినచో పుస్తకము చెప్పని పాఠము వారికే తోచును.

ఇంటిలో తొట్టి ఉన్నవారు ఒక రాత్రి ఇట్లు చేసి చూడవచ్చును. దీపములన్నియు ఆర్పి, తెర వేసి, గంటన్నరసేపు ఆ గదిలోనికి పోకుడు. పిదప చిన్న టార్చిలైటు ముఖమునకు ఎర్ర జిలుగుకాగితము రెండు మడతలు కట్టి, నేరుగా కాక ప్రక్కనుండి చూపుడు. ఎరుపును పగడము అంతగా పట్టించుకొనదు. పగలు నున్నని రాయివలె నున్నదానిపై సన్నని మీసములు వందలకొలది లేచి నీటిలో ఊగుచుండును. కొంచెము ఉప్పుచేప పొడివంటి మేతను అప్పుడు వేసినచో అవి దానిని పట్టి నోటికి చేర్చుకొనుట కనబడును. ఐదు నిమిషములు చూచి టార్చి ఆర్పి రావలెను.